గొట్టంలో ఉండాల్సిన మసి

"నా చెయ్యే తప్పింది, అమ్మాయ్. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావు?"

మూడు రోజులుగా ఎవర్ట్ సుండిన్ నోట ఈ ముక్క తప్ప ఇంకో ముక్క రాలేదు. డెబ్బై మూడేళ్ళ మనిషి. వంటింటి వెనక గదిలో, తూటాలు చేసుకునే బల్ల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న అల్మారా ఖాళీగా ఉంది. తూటాలు బిగించే యంత్రం, తూనిక, తుపాకీ మందు డబ్బాలు అన్నీ జిల్లా కేంద్రం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ స్టెల్లన్ బ్రూమన్ మంగళవారమే సంచుల్లో వేసుకుని పోయాడు. బల్ల మీద మిగిలింది ఇల్వా పోసిపెట్టిన కాఫీ, ముట్టని దాల్చినచెక్క బన్ను.

ఊరి ఇన్‌స్పెక్టర్ ఇల్వా నోర్‌బెక్ గోడ గడియారం చూసింది. గురువారం, పదకొండు దాటి పది నిమిషాలు.

జరిగిందేమిటో ఊరంతటికీ తెలుసు. సోమవారం మూస్ అనే పెద్ద దుప్పుల వేట మొదటి రోజు. ఉదయం ఆరూ నలభైకి వేట బృందం పెద్ద అస్సార్ లిండ్‌మార్క్ మొదటి తూటా పేల్చాడు. దుప్పికి ఏమీ కాలేదు, అతని చేతిలో తుపాకీ పగిలిపోయింది. ఎడమ చేతి వేళ్ళు రెండు పోయాయి. ఆ తూటా ఎవర్ట్ చేసింది. బృందంలో ఏడుగురికీ ముప్పై ఏళ్ళుగా తూటాలు చేసిపెడుతున్నది ఎవర్టే. అస్సార్ ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఎవర్ట్ నేరం ఒప్పేసుకున్నాడు.

"బాబాయ్, ఇంకొక్కసారి చెప్పు. ఇది ఆఖరుసారి. ఆగస్టు ఇరవై రెండు మధ్యాహ్నం. బల్ల మీద ఎన్ని మందు డబ్బాలున్నాయి?"

"రెండు." దొంగతనం ఒప్పుకున్నట్టు తల దించుకున్నాడు. "బల్ల మీద ఒక్క డబ్బాయే ఉండాలి. ఇది నేను ఈ ఊళ్ళో సగం మందికి నేర్పిన పాఠం."

"మరి రెండోది ఎందుకు వచ్చింది?"

"పాత మందు దుకాణాల్లో దొరకడం మానేసింది. దొరికినా అదేం గొప్పదిలే. చలికి సగమే మండి, తుపాకీ గొట్టమంతా నల్లగా పూసేది. కొత్తదాని కోసం మూడు నెలలు చూశాను. పెద్ద తూటాకి నెమ్మదిగా మండే మందు కావాలి. ఎండలో ఒకలా, మంచులో ఒకలా నడవకూడదు. మసి తక్కువ వదలాలి. చివరికి నచ్చింది ఒకటి దొరికింది. దాని కోసం అల్మారాలో చెయ్యి పెడితే పక్కనే ఉన్న పిట్టల తూటాల మందు కూడా చేతికొచ్చింది. అది గబుక్కున మండే చురుకు మందు. పెద్ద తూటాలో పోశామా, ఇక అంతే. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. గున్‌వోర్."

గున్‌వోర్ అతని కూతురు. అస్సార్ తర్వాత బృందానికి పెద్ద దిక్కు.

"మాట్లాడి వచ్చి చూస్తే రెండు డబ్బాలూ మూతలు తీసి ఉన్నాయి. ఏది పోశానో గుర్తులేదమ్మా. అదే కదా నా ఏడుపు. గుర్తే లేదు."

ఆ కూతురే సోమవారం నుంచి తండ్రితో మాట్లాడటం లేదు. నిన్న సాయంత్రం వచ్చి, అతను చేసిచ్చిన తూటాలన్నీ పెట్టెలో పెట్టి గుమ్మం మీద వదిలేసి, తలుపైనా తట్టకుండా వెళ్ళిపోయింది. సోమవారం అందరి దగ్గరా తీసుకున్న తుపాకులు తిరిగి ఇచ్చేటప్పుడు స్టెల్లన్ పెట్టిన షరతు కూడా అదే. ఇకమీదట అందరూ దుకాణం తూటాలే వాడాలి. అవి ఈ ఉదయమే వచ్చాయి. ఒంటిగంటకి గున్‌వోర్, మరో ముగ్గురు మైదానంలో వాటిని కాల్చి చూసుకుంటారు.

ఇల్వాకి సోమవారం నుంచీ ఒక విషయం పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. అస్సార్ దగ్గరికి మొదట చేరింది ఆమే. నెత్తురోడుతున్నది ఎడమ చెయ్యి. కుడి చెయ్యి, కుడి కన్ను సుబ్బరంగా ఉన్నాయి.

"బాబాయ్, చురుకు మందు పోస్తే తుపాకీ ఎక్కడ పగులుతుంది?"

"ఇంకెక్కడ? తూటా ఉండే గది దగ్గరే. ముఖం ముందే. ఆ గదిని మూసే బోల్ట్ సుత్తితో కొట్టినా రాదు."

"అస్సార్ తుపాకీ నువ్వు చూశావా?"

"ఎవరు చూడనిచ్చారు?"

ఇల్వా లేచి అతని కోటు కొక్కెం మీంచి తీసింది. "వేసుకో. ఆ బన్ను జేబులో పెట్టుకో."

*

ఊరి పోలీసు ఠాణా రెండే గదులు. రెండో గదిలో బల్ల మీద అస్సార్ తుపాకీ సీలు వేసిన పొడుగాటి సంచిలో ఉంది. మధ్యాహ్నం రెండింటికి దక్షిణాన ఉన్న ప్రయోగశాలకి పోవాలి. అక్కడ ఎనిమిది వారాల వరస.

స్టెల్లన్ బ్రూమన్ గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. అతను మంచి పోలీసే. కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

"ఇల్వా, నిందితుణ్ణి సాక్ష్యం దగ్గరికి తీసుకొస్తావా? నీకు మతి ఉందా?"

"ఉంది. ప్రాసిక్యూటర్ సంతకం కూడా ఉంది. తొమ్మిదింటికే అడిగాను. వీడియో తీస్తూ విప్పొచ్చు. అతను ముట్టుకోడు, చూస్తాడు. అంతే."

కాగితం అతని ఛాతీకి ఆనించింది. స్టెల్లన్ రెండుసార్లు చదివాడు.

"ఒప్పుకున్నవాడు ఒప్పుకున్నాక ఇంకా ఏం తవ్వుతావ్? దుకాణంలో దొరికేది కొనుక్కోక, వంటింట్లో తూటాలు వండుకుంటే ఇలాగే తగలడుతుంది."

"వంట సంగతి తర్వాత. కెమెరా పట్టుకో."

గొణుక్కుంటూనే పట్టుకున్నాడు. ఎవర్ట్ ఎవరూ చెప్పకుండానే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పన్నెండు గంటలా మూడు నిమిషాలకి ఇల్వా సీలు కోసింది.

ముందు బోల్ట్. చేతితొడుగు వేసుకుని రెండు వేళ్ళతో పిడి ఎత్తింది. వెన్నలో కత్తిలా కదిలింది. వెనక్కి లాగితే ఖాళీ ఇత్తడి గుల్ల టక్కుమని బల్ల మీద పడింది.

"తిప్పు. అడుగు చూపించు," అన్నాడు ఎవర్ట్. గొంతు మారిపోయింది.

గుల్ల అడుగున మందుని అంటించే చిన్న టోపీ గుండ్రంగా, అంచులు చెదరకుండా ఉంది. మధ్యలో సూది గుచ్చిన గుంట ఒక్కటే.

"ఒత్తిడి ఎక్కువైతే ఆ టోపీ అప్పడంలా అణిగిపోతుంది. గుల్ల వాచి లోపలే పట్టేస్తుంది." ఎవర్ట్ ముందుకు వంగాడు. "ఇది... ఇది మామూలు తూటానే. అమ్మాయ్, ఇది మామూలుగా పేలింది."

"అయితే గొట్టం ఎందుకు చీలింది?" అన్నాడు స్టెల్లన్.

గొట్టం చీలింది తూటా గది దగ్గర కాదు. చెక్క చివర, కాల్చేవాడు ఎడమ చేత్తో పట్టుకునే చోట ముదిరిన బెండకాయలా విచ్చుకుంది. ఇల్వా చిన్న దీపం వెలిగించి తూటా గది వైపు నుంచి లోపలికి చూపించింది. చీలిక దాకా గొట్టం అద్దంలా ఉంది. పైన పల్చటి బూడిదరంగు పొర ఒక్కటి.

"మసేదీ?" అన్నాడు ఎవర్ట్.

"శుభ్రంగా ఉంది. ఉంటే మంచిదేగా?" అన్నాడు స్టెల్లన్.

ఎవర్ట్ స్టెల్లన్ వైపు చూసిన చూపులో మూడు రోజుల తర్వాత మొదటిసారి జాలి కనిపించింది, అదీ తన మీద కాదు. "నువ్వు దేనితో వేటాడతావు బాబూ?"

"పిట్టల తుపాకీ."

"అదీ సంగతి. వినుకో. తుడిచి నూనె పట్టించిన గొట్టంలోంచి మొదటి గుండు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. మసి పట్టిన గొట్టమే మాట వింటుంది. అందుకే వేట ముందు ఆదివారం మైదానంలో తలా రెండు కాలుస్తాం. ఆ మసి మీదే వారమంతా వేటాడతాం. గొట్టం మూతికి టేపు వేస్తాం, వాన పడకుండా. టేపులోంచే కాలుస్తాం. తుడిచేది వేట ముగిసిన రోజునే. అస్సార్ అయితే నలభై ఏళ్ళుగా ఒక్కసారి కూడా తప్పలేదు. ఆదివారం రెండు, సోమవారం ఒకటి. మూడు తూటాల మసి ఉండాలి ఇందులో. ఉన్నది ఒక్కదానిది!"

"అంటే ఆదివారం కాల్చాక ఎవరో తుడిచారు," అంది ఇల్వా.

"వేటగాడెవడూ తుడవడు. అన్నం వడ్డించాక విస్తరి కడిగినట్టు ఉంటుంది."

ఇల్వా పట్టకారు తీసుకుంది. చీలిక పెదవుల మధ్య, ఇనుము చుట్టుకుపోయిన మడతలో ఏదో నల్లగా ఇరుక్కుని ఉంది. మెల్లగా లాగింది. గోరంత గుడ్డ. ఒక అంచు కాలిపోయింది, రెండో అంచున మెత్తటి నూలు మీద ఆకుపచ్చ గళ్ళు కనిపిస్తున్నాయి.

కెమెరా పట్టుకున్న స్టెల్లన్ చెయ్యి ఇంకాస్త దగ్గరికి వచ్చింది.

"తుడుస్తుంటే కడ్డీ నుంచి జారి మధ్యలో ఉండిపోయింది," అంది ఇల్వా. "గుండు వచ్చి దాన్ని గుద్దింది. ముందుకు దారి లేదు. గొట్టం చీలింది. బాబాయ్, నీ తూటా తప్పు చెయ్యలేదు. నువ్వూ చెయ్యలేదు. నువ్వు పోసింది సరైన మందే."

ఎవర్ట్ వెనక కట్టుకున్న చేతులు విప్పి, వాటిని ముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మయ్య," అన్నాడు. "నా తల పాడైపోయిందనుకున్నానమ్మా. రేపటి నుంచి పొయ్యి మీద ఏం పెట్టానో, తలుపు వేశానో లేదో, ఏదీ నమ్మడానికి లేదనుకున్నా. గున్‌వోర్ కూడా అదే అనుకుని ఉంటుంది. పాపం పిల్ల, దాన్ని అనడానికి ఏముంది." కళ్ళు తుడుచుకుని జేబులో బన్ను తీసి కొరికాడు. నమలడానికి కూడా తీరిక లేనట్టు తిన్నాడు.

ఇల్వాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె తండ్రికి మొదటి తుపాకీ పట్టుకోవడం నేర్పినవాడు ఎవర్టే. రెండూ మింగేసి గుడ్డని చిన్న సంచిలో వేసింది.

స్టెల్లన్ కెమెరా ఆపాడు. ఓడిపోయినా పడుకునే రకం కాదతను. "సరే. మందు కాదు. అయితే ఇది హత్యాయత్నం. గుడ్డ కుక్కింది ఎవరు?"

"అప్పుడే కుందేల్ని మార్చేశావా?"

"నవ్వకు. వేటగాడెవడూ తుడవడని ఇతనే అన్నాడుగా. తుడిచినవాడు కావాలనే తుడిచాడు. ఆదివారం తుపాకులు ఎక్కడున్నాయి?"

"నాలుగింటికి మైదానం అయింది," అన్నాడు ఎవర్ట్ బన్ను మింగి. "అయిదున్నరకి వేట గుడిసెకి చేరాం. అందరి తుపాకులూ లోపలి గదిలో అరలో పెట్టాం. తర్వాత ఆవిరి స్నానాల గదికి పోయాం. ఏడింటి దాకా అక్కడే. అందరం."

"అందరూనా? తుపాకుల్ని గాలికొదిలేసి?"

"అదెలా వదులుతాం? ఒకడు కాపలా ఉన్నాడు. కొత్తవాడు. ఆవిరి వేడి పడదని తనే ఉంటానన్నాడు. ఏడింటప్పుడు పిలిస్తే వచ్చాడు. పళ్ళ డాక్టరు, హెన్నింగ్ పాల్మ్."

*

పళ్ళ ఆసుపత్రి వీధికి అవతలి పక్కే. పన్నెండూ ముప్పై ఎనిమిదికి ముగ్గురూ లోపలికి వెళ్ళారు. ఎవర్ట్‌ని బయటే ఉండమంటే వినలేదు.

హెన్నింగ్ పాల్మ్ నలభై అయిదేళ్ళ మనిషి. దక్షిణాది నుంచి వచ్చి రెండేళ్ళయింది. వేట పరీక్ష పాసై, ఊళ్ళో అందరి పళ్ళూ బాగుచేసి, చివరికి ఈ ఏడే బృందంలో చోటు సంపాదించాడు. కుర్చీలో పోస్టాఫీసు ముసలామె నోరు తెరుచుకుని ఉంది.

"డాక్టర్ గారూ, ఒక్క నిమిషం," అంది ఇల్వా.

"అయిపోవచ్చిందండీ. ఇది కాగానే మైదానానికే బయలుదేరుతున్నా. అస్సార్ ఎలా ఉన్నారు?"

"నిన్ననే లేచి కూర్చున్నాడు. ఆదివారం అయిదున్నర నుంచి ఏడింటి దాకా మీరు గుడిసెలో ఏం చేశారు?"

హెన్నింగ్ చేతిలో పరికరం ట్రేలో పెట్టాడు. బుగ్గలు ఎర్రబడ్డాయి. "తెలిసిపోయిందా? ఎవరికీ చెప్పకూడదనుకున్నాను."

స్టెల్లన్ ఒక అడుగు ముందుకేశాడు. "ఏం చెప్పకూడదనుకున్నావ్? అస్సార్ తుపాకీలో గుడ్డ ఎందుకు కుక్కావ్?"

"కుక్కడమేంటి? తుడిచాను!" నొచ్చుకున్నాడు హెన్నింగ్. "సైన్యంలో ఉన్నప్పుడు కాల్చిన తుపాకీ తుడవకుండా పడుకుంటే శిక్ష వేసేవారు. వీళ్ళేమో రెండేసి తూటాలు కాల్చి, ఆ మసితోనే టేపు అంటించి అరలో పెట్టేశారు. నాకు చూడబుద్ధి కాలేదు. వీళ్ళు నన్ను తమలో కలుపుకున్నారు, నేను వీళ్ళకి ఒక్క పనీ చెయ్యలేదు. మెరిసేలా తుడిచిపెడితే వేట చివరి రోజున ఎవరో ఒకరు చూసి ఎవరు చేశారని అడుగుతారు, అప్పుడు చెబుదామనుకున్నా."

రోజంతా జనం పళ్ళ మీద పాచి గీకే మనిషి. మురికి కనబడితే చేతులు ఊరుకోవు. ఇల్వాకి కోపం రావాల్సిన చోట రాలేదు.

"దేనితో తుడిచారు?"

"పాత పైజామా చింపి తెచ్చుకున్నా. ఆకుపచ్చ గళ్ళది. మెత్తగా ఉంటుంది. ఒకరి తుపాకీలా ఇంకొకరిది ఉండదు, బోల్ట్‌లు తియ్యడం తెలియక మూతి వైపు నుంచే కడ్డీ పెట్టి తోశాను. టేపు మళ్ళీ కొత్తది అంటించాను."

"గుడ్డ ప్రతిసారీ కడ్డీతో పాటు తిరిగొచ్చిందా?"

"వచ్చింది... వచ్చే ఉంటుంది." హెన్నింగ్ ఆగిపోయాడు. "ఆవిరి గది నుంచి పిలుస్తున్నారు. తొందరలో ఉన్నా. కొన్నిటిలో బిగుసుకుంది, గట్టిగా లాగాను." అతని మొహంలో రంగు మెల్లమెల్లగా దిగిపోయింది. "అస్సార్ గారిది మందు వల్ల కదా? అందరూ మందనే అన్నారు కదా?"

"మేలు చెయ్యబోయి మెడకు తెచ్చావు కదయ్యా," అన్నాడు ఎవర్ట్. తిట్టులా లేదు ఆ గొంతు.

స్టెల్లన్ అప్పటికే జేబులోంచి పుస్తకం తీశాడు. "అస్సార్ తుపాకీ ఒక్కటేనా తుడిచింది?"

"ఒక్కటే ఎందుకు?" అన్నాడు పళ్ళ డాక్టరు. "అందరివీ."

కుర్చీలో ముసలామె నోరు మూసుకుంది.

ఇల్వా గడియారం చూసింది. పన్నెండూ నలభై తొమ్మిది. మైదానంలో నాలుగు తుపాకులు, నాలుగిటికీ మూతి మీద టేపు. సోమవారం ఒక్క తూటాతోనే వేట ఆగిపోయింది, మిగతావాళ్ళెవరూ ఇంతవరకూ ట్రిగ్గర్ ముట్టుకోలేదు. కొండ చుట్టూ రోడ్డు పంతొమ్మిది కిలోమీటర్లు. గున్‌వోర్‌కి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. తుపాకీ చప్పుడు తగలకుండా చెవుల మీద కప్పులు పెట్టుకుని ఉంటారు.

"దుకాణం తూటాలు వాడితే ఏ బాధా లేదని చెప్పింది నేనే," అన్నాడు స్టెల్లన్. అతని గొంతులో మొదటిసారి బెదురు వినిపించింది.

"చెవి కప్పుల్లో రేడియో ఉంటుంది!" ఎవర్ట్ హెన్నింగ్ భుజం పట్టుకున్నాడు. "నీ రేడియో ఏదీ?"

"కారులో. వెనకాల."

ఆ వయసులో అతను మెట్లు అలా దిగడం ఇల్వా ఎన్నడూ చూడలేదు. కారు డోరు తెరిచి, రేడియో అందుకుని, మీట నొక్కాడు. కొండకి అడ్డంగా కొలిస్తే మైదానం ఆరు కిలోమీటర్లే. అందుతుందో అందదో.

"గున్‌వోర్! గున్‌వోర్, నేను నాన్నని!"

బరబరమని శబ్దం. దాని వెనక ఎవరిదో గొంతు లెక్క పెడుతోంది, లక్ష్యాలు సిద్ధమని చెబుతోంది. తర్వాత కూతురు గొంతు, రాయిలా.

"నాన్నా, మధ్యలో రాకు. గుండు ఎక్కించి ఉన్నాను. నాకు నీతో మాట్లాడాలని లేదు."

"మాట్లాడకు తల్లీ. తిట్టుకో, ఏమైనా చెయ్యి. ట్రిగ్గర్ మీంచి వేలు తీసెయ్. మీ నలుగురూ. తూటా బయటికి తియ్యండి, బోల్ట్ తీసెయ్యండి, మూతి టేపు పీకి గొట్టంలోంచి ఆకాశం చూడండి."

"దేనికి?"

"చూడు! ఒక్కసారి నా మాట విను, చూడు!"

శబ్దం ఆగింది. ఎవర్ట్ రేడియోని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. హెన్నింగ్ తెల్లకోటుతోనే మెట్ల మీద కూలబడ్డాడు. స్టెల్లన్ కారుకి ఆనుకుని పెదవి కొరుక్కుంటున్నాడు.

ఒక మగ గొంతు వచ్చింది. "నాది బాగానే ఉంది. తళతళలాడుతోంది. ఎవడు తుడిచాడు దీన్ని?"

ఇంకో గొంతు. "నాదీ అంతే."

మూడోది. "నాదీ. ఏంటి సంగతి ఎవర్ట్?"

ఎవర్ట్ నాలుగో గొంతు కోసం ఎదురు చూస్తున్నాడు. ఇల్వా రేడియో దగ్గరికి వంగింది.

రేడియో మళ్ళీ బరబరమంది. గున్‌వోర్ గొంతులో రాయి లేదు. చిన్నపిల్ల గొంతులా సన్నగా వచ్చింది.

"నాన్నా... నాదాంట్లో వెలుతురు కనబడట్లేదు."